ఆరోగ్యవంతుల శ్వాసనాళాలు ఎంత ముడుచుకుంటే మామూలు?

చల్లగాలి, పొగ, ఘాటు వాసన తగిలితే ఉబ్బసం ఉన్నవాళ్ల శ్వాసనాళాలు బిగుసుకుపోతాయని అందరికీ తెలిసిందే. ఆ జబ్బు లేనివాళ్ల శ్వాసనాళాలు మాత్రం దేనికీ చలించవని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. శ్వాసనాళాలను బిగించే మందును తగినంత మోతాదులో పీల్పిస్తే ఆరోగ్యవంతుల శ్వాసనాళాలు కూడా ఎంతో కొంత ముడుచుకుంటాయి. ఎంత మోతాదు దగ్గర ముడుచుకోవడం మొదలవుతుంది, మోతాదు పెంచేకొద్దీ ఎంత వేగంగా ముడుచుకుంటాయి, ఎక్కడికి వచ్చి ఆగుతాయి అన్న దాంట్లోనే తేడా అంతా ఉంది.

ఈ స్పందనను కొలవడానికి ఒక పరీక్ష ఉంది. అయితే అది ఉబ్బసాన్ని పట్టుకోవడం కోసం తయారైన పరీక్ష. దాన్నే ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద పెడితే ఎక్కువసార్లు వచ్చే జవాబు "ఏమీ కాలేదు" అనే. జబ్బు లేదని తేల్చుకోవడానికి ఆ జవాబు చాలు. మామూలు స్పందన అంటే ఏమిటో తెలుసుకోవడానికి మాత్రం చాలదు. పైగా ఆ "ఏమీ కాలేదు"లో కొంత భాగం పరీక్ష చేసే పద్ధతి వల్లే వస్తుంది. ఆ ముడి విప్పాలంటే ముందు శ్వాసనాళం గోడలోకి తొంగిచూడాలి.

గోడలోని కండరం

గొంతు కింద మొదలయ్యే పెద్ద గాలిగొట్టం రెండుగా, ఆ రెండూ మళ్లీ రెండేసిగా చీలుతూ సుమారు 23 అంచెల దాకా వెళ్తుంది. చివరి సన్నటి కొమ్మల వరకూ ఆ గొట్టాల గోడల్లో నునుపు కండరం ఉంటుంది. మన ఇష్టంతో పనిలేకుండా కదిలే కండరం ఇది. మెదడు నుంచి ఊపిరితిత్తులకు వచ్చే వేగస్ నాడి చివర్ల నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై కండర కణాల మీదున్న గ్రాహకాలకు అతుక్కుంటే కండరం బిగుస్తుంది, గొట్టం సన్నబడుతుంది. ఉబ్బసం లేనివాళ్లలో కూడా ఈ కండరం విశ్రాంతి సమయంలో కొద్దిగా బిగిసే ఉంటుంది. అసలు ఈ కండరం ఊపిరితిత్తికి చేసే మేలేమిటో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఇది పేగులోని అపెండిక్స్ లాంటిదే, లేకపోయినా పెద్దగా నష్టం లేదు అని గట్టిగా వాదించిన శాస్త్రవేత్తలూ ఉన్నారు.

గొట్టం కాస్త సన్నబడితే గాలికి కలిగే అడ్డంకి మాత్రం కాస్తతో ఆగదు. ప్రవాహం నెమ్మదిగా, సాఫీగా సాగుతున్నప్పుడు ఆ అడ్డంకి వ్యాసార్థం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. అంటే వ్యాసార్థం సగమైతే అడ్డంకి 16 రెట్లవుతుంది. అందుకే గొట్టం వెడల్పులో కంటికి ఆనని మార్పు వచ్చినా ఊపిరిలో తేడా తెలిసిపోతుంది. ఒకే మందుకు ఒకరికి ఆయాసం వస్తే మరొకరికి ఏమీ తెలియకపోవడంలో ఈ లెక్కకూ వాటా ఉంది. మొదటి నుంచీ సన్నగా ఉన్న గొట్టం అదే పరిమాణంలో ముడుచుకున్నా నష్టం ఎక్కువ.

పరీక్ష గదిలో ఏం జరుగుతుంది

అసిటైల్‌కోలిన్‌ను శరీరం క్షణాల్లో విరగ్గొట్టేస్తుంది. కాబట్టి పరీక్షకు దాని దగ్గరి చుట్టమైన మెథాకోలిన్ వాడతారు. అది మరికాసేపు నిలుస్తుంది, పని మాత్రం అదే. 1946–47లో జాన్ కర్రీ హిస్టమిన్, మెథాకోలిన్ లాంటి మందులు ఇచ్చి మామూలు మనుషులనూ ఉబ్బసం ఉన్నవాళ్లనూ పోల్చిచూశాడు. దాదాపు అదే కాలంలో ఫ్రాన్స్‌లో టిఫెనో అసిటైల్‌కోలిన్‌తో ఇలాంటి పరీక్షలే చేశాడు. అయితే ఒక ల్యాబ్‌లో వచ్చిన అంకెను మరో ల్యాబ్‌లో అర్థం చేసుకునే వీలు లేకపోయేది. మందు ద్రావణాన్ని పీల్చడానికి వీలుగా సన్నటి తుంపరగా మార్చే నెబ్యులైజర్ ఎవరిది వాళ్లది, ఎవరి మోతాదు వాళ్లది. 1977లో కెనడాలో కాక్‌క్రాఫ్ట్, ఆయన సహచరులు హిస్టమిన్‌ను మామూలుగా ఊపిరి తీస్తూ రెండు నిమిషాలు పీల్చే పద్ధతిని వివరంగా ప్రచురించారు. ఈ రోజుకీ చాలా ల్యాబ్‌లలో నడిచేది ఆ దారే.

ముందు స్పైరోమెట్రీ చేస్తారు. ముక్కుకు క్లిప్ పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, ఉన్న బలమంతా పెట్టి గొట్టంలోకి ఊదాలి. మొదటి ఒక్క సెకనులో బయటికొచ్చిన గాలి ఎంతో లీటర్లలో రాసుకుంటారు. దీనికి ఎఫ్‌ఈవీ1 అని పేరు. తర్వాత మందు లేని సెలైన్ పీల్పించి మళ్లీ ఊదిస్తారు. అక్కడి నుంచి మెథాకోలిన్ మొదలవుతుంది. చాలా పలుచటి ద్రావణంతో మొదలుపెట్టి ప్రతిసారీ గాఢతను రెట్టింపు చేస్తూ (కొన్నిచోట్ల నాలుగింతలు చేస్తూ) పోతారు. ప్రతి మోతాదు తర్వాత 30 సెకన్లకు ఒకసారి, 90 సెకన్లకు ఒకసారి ఊదిస్తారు. ఎఫ్‌ఈవీ1 మొదటి విలువ కంటే 20 శాతం పడిపోతే ఆపేసి, శ్వాసనాళాలు తెరుచుకునే సాల్బుటమాల్ ఇస్తారు. పడకపోతే మిల్లీలీటరుకు 16 మిల్లీగ్రాముల గాఢత దాకా వెళ్లి ఆపేస్తారు.

ఒక లెక్క చేసి చూద్దాం. సెలైన్ తర్వాత ఒకరి ఎఫ్‌ఈవీ1 3.60 లీటర్లు ఉందనుకోండి. 8 మిల్లీగ్రాముల గాఢత దగ్గర అది 3.06కు వచ్చింది, అంటే 15 శాతం పడింది. 16 దగ్గర 2.74కు దిగింది, అంటే దాదాపు 24 శాతం. కచ్చితంగా 20 శాతం పడే గాఢత ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. మోతాదులు రెట్టింపవుతూ పోతున్నాయి కాబట్టి లాగరిథమ్ కొలబద్ద మీద ఆ చోటును లెక్కిస్తే సుమారు 11.8 వస్తుంది. దీన్నే పీసీ20 అంటారు.

అమెరికన్ థొరాసిక్ సొసైటీ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పీసీ20 విలువ 16 దాటితే మామూలు, 4 నుంచి 16 మధ్య ఉంటే సరిహద్దు, 1 నుంచి 4 అయితే స్వల్పంగా ఎక్కువ స్పందన, 1 కంటే తక్కువైతే ఇంకా ఎక్కువ. మన లెక్కలోని మనిషి సరిహద్దులో నిలబడ్డాడు. ఇదే పరీక్ష మరో రోజు చేస్తే పీసీ20 ఒక రెట్టింపు అటో ఇటో జరగడం మామూలే. అంటే 11.8 వచ్చిన మనిషికి ఇంకో రోజు 16 దాటి రావచ్చు, 6 కూడా రావచ్చు. రిపోర్టులో దశాంశ బిందువు తర్వాతి అంకె చూసి ఎవరూ టెన్షన్ పడనక్కర్లేదు.

20 శాతమే ఎందుకన్నదీ చెప్పుకోవాలి. ప్రకృతి గీసిన గీతేమీ కాదది. మంచిగా ఊదినా రెండు ఊదుళ్ల మధ్య 150 మిల్లీలీటర్ల దాకా తేడా ఉండొచ్చని స్పైరోమెట్రీ నిబంధనలే ఒప్పుకుంటాయి. 5 శాతం పడిందంటే అది మందు వల్లో, ఆ ఊదుడులో బలం తగ్గడం వల్లో చెప్పలేం. 20 శాతం అంటే ఆ గందరగోళాన్ని దాటిన పతనం, మనిషికి ప్రమాదం తెచ్చేంత పెద్దదీ కాదు. మధ్యేమార్గంగా ఎంచుకున్న అంకె అది.

16 దాటితే మిగిలేది

ఆరోగ్యవంతుల విషయంలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇద్దరు మనుషులు చివరిదాకా, అంటే 16 దాకా పరీక్ష చేయించుకున్నారు. ఇద్దరికీ మొదట 3.60 లీటర్లే. ఆఖరి మోతాదు దగ్గర ఒకరికి 3.53, మరొకరికి 3.17 వచ్చింది. మొదటివారికి 2 శాతం, రెండోవారికి 12 శాతం పడిందన్నమాట. రిపోర్టులో ఇద్దరికీ ఒకే ముక్క ఉంటుంది: "పీసీ20 16 కంటే ఎక్కువ". ఇది అంకె కాదు, ఆ అంకె ఎక్కడో 16 అవతల ఉందన్న సమాచారం మాత్రమే. జబ్బు లేనివాళ్లలో ఎక్కువమందికి ఇదే వస్తుంది కాబట్టి, సగటు తీద్దామన్నా, వయసుతో ఎలా మారుతుందో చూద్దామన్నా చేతిలో సరైన అంకెలు ఉండవు.

దీనికి 1980ల్లో ఒక తేలిక ఉపాయం వచ్చింది. ఆఖరి మోతాదు దగ్గర ఎంత శాతం పడిందో దాన్ని ఆ మోతాదుతో భాగించేయడమే. మోతాదు–స్పందన వాలు అంటారు దీన్ని. పైన చెప్పిన ఇద్దరిలో మొదటివారికి 2ను 16తో భాగిస్తే 0.125, రెండోవారికి 12ను 16తో భాగిస్తే 0.75. ఆరు రెట్ల తేడా. పీసీ20 ఒకే గాటన కట్టేసిన ఇద్దరూ ఇక్కడ విడిపోయారు. 20 శాతం పడినా పడకపోయినా ప్రతి ఒక్కరికీ ఒక అంకె వస్తుంది కాబట్టి వేలమందిని పరీక్షించే జనాభా అధ్యయనాల్లో ఈ వాలు బాగా పనికొచ్చింది.

అయితే దీన్ని అతిగా నమ్మకూడదు. మొదటివారిలో పడిన 2 శాతం అంటే 70 మిల్లీలీటర్లు. ఊదడంలో సహజంగా వచ్చే తేడాయే అంతకు రెండింతలు ఉండొచ్చని ఇందాకే చెప్పుకున్నాం. 0.125 అన్నది ఆ మనిషి శ్వాసనాళాల గుణమో, ఆ పూట ఊదిన తీరో ఒక్క పరీక్షతో తేలదు. కొందరికి ఎఫ్‌ఈవీ1 చివర్లో పెరుగుతుంది కూడా, అప్పుడు వాలు మైనస్‌లోకి పోతుంది. జనాభా సగటుల్లో ఈ గందరగోళం ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. ఒక్క మనిషి రిపోర్టులో మాత్రం వాలుకు అంత బరువు ఇవ్వకూడదన్నది నా అభిప్రాయం.

16 దగ్గర ఆపకుండా ఇంకా ముందుకెళ్తే? ఆస్ట్రేలియాలో ఆన్ వూల్‌కాక్ బృందం 1984లో, నెదర్లాండ్స్‌లో పీటర్ స్టెర్క్ బృందం 1985లో ప్రచురించిన పరిశోధనలు ఈ ప్రశ్నకే జవాబు వెతికాయి. మామూలుగా వాడే మోతాదులను దాటి పెంచుకుంటూ పోతే ఆరోగ్యవంతుల్లో ఎఫ్‌ఈవీ1 కొంత పడి, ఆ తర్వాత మోతాదు పెంచినా ఇంకా పడకుండా ఒకచోట నిలిచిపోయింది. గ్రాఫ్ మీద గీత దిగి, చదునుగా సాగింది. ఉబ్బసం బాగా ఉన్నవాళ్లలో ఆ చదును కనబడలేదు. సురక్షితంగా ఇవ్వగలిగినంత మేరా గీత దిగుతూనే ఉంది.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ చదునే. సూక్ష్మంగా చూస్తే ఇక్కడ రెండు వేర్వేరు గుణాలున్నాయి. ఒకటి, ఎంత తక్కువ మోతాదుకు స్పందన మొదలవుతుంది. రెండు, స్పందనకు పైన ఒక హద్దు ఉందా లేదా. పీసీ20 మొదటిదాన్నే చెబుతుంది. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం రెండోది లేకపోవడం. కొద్ది మందుకే స్పందించినా 25 శాతం దగ్గర ఆగిపోయే మనిషికి పెద్ద ప్రమాదం ఉండదు. ఆలస్యంగా మొదలై ఆగకుండా ముడుచుకుపోయే శ్వాసనాళాలే భయపెట్టేవి. ఆరోగ్యవంతుల శ్వాసనాళాలు స్పందించవు అనడం కంటే, వాటి స్పందన ఒక హద్దు దాటదు అనడం వాస్తవానికి దగ్గర.

ఒక్క నిండు ఊపిరి చేసే పని

మరి ఆ హద్దు పెట్టేదెవరు? కండరమే బలహీనమా? అలా అనిపించదు. హద్దు చాలావరకు బయటి నుంచి వస్తుంది. శ్వాసనాళాల చుట్టూ ఊపిరితిత్తి కణజాలం అతుక్కుని ఉంటుంది. గాలి పీల్చినప్పుడల్లా ఊపిరితిత్తి ఉబ్బి ఆ గొట్టాలను అన్ని వైపుల నుంచీ బయటికి లాగుతుంది. బిగుసుకోవాలనుకునే కండరం ప్రతి శ్వాసకూ ఆ లాగుడుకు ఎదురీదాల్సిందే. కండరంలో మయోసిన్, ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగుల మధ్య బంధాలు ఏర్పడుతూ ఉంటాయి. జిగురు ఆరేలోపే కదుపుతూ ఉంటే రెండు చెక్కలు గట్టిగా అతుక్కోనట్టు, శ్వాసతో వచ్చే లాగుడు ఆ బంధాలను నిలదొక్కుకోనివ్వదు. మామూలు శ్వాసే ఇంత చేస్తే గుండెల నిండా తీసే ఒక పెద్ద ఊపిరి సంగతి చెప్పక్కర్లేదు.

మందుతో ముడుచుకున్న శ్వాసనాళాలు ఒక్క నిండు ఊపిరితో తెరుచుకుంటాయని నాడెల్, టియర్నీ 1961లోనే ఆరోగ్యవంతుల్లో చూపించారు. 1995లో అమెరికాలో స్క్లూట్, పెర్మట్, టోగియాస్ ఒక అడుగు ముందుకేశారు. ఆరోగ్యవంతులను పెద్ద ఊపిరి తీయొద్దని కట్టడి చేసి మెథాకోలిన్ ఇచ్చారు. వాళ్ల శ్వాసనాళాలు అచ్చం స్వల్ప ఉబ్బసం ఉన్నవాళ్లలాగే ముడుచుకున్నాయి! ఆ తర్వాత ఇద్దరి చేతా నిండుగా ఊపిరి తీయిస్తే ఆరోగ్యవంతుల్లో గొట్టాలు తెరుచుకున్నాయి, ఉబ్బసం ఉన్నవాళ్లలో ఆ మేరకు తెరుచుకోలేదు. ఆ తర్వాతి పరిశోధనల్లో ఇంకో సంగతి బయటపడింది. మందు పీల్చకముందే కొన్ని నిండు ఊపిర్లు తీస్తే, ఆ తర్వాత వచ్చే బిగుతు కూడా తగ్గుతుంది. మనకు తెలియకుండానే మనం గంటకు కొన్నిసార్లు నిట్టూరుస్తుంటాం కదా, ఆ నిట్టూర్పులకు ఇలాంటి ఉపయోగం కూడా ఉందన్నమాట.

ఇప్పుడు మళ్లీ పరీక్ష గదిలోకి వద్దాం. ఎఫ్‌ఈవీ1 కొలవడానికి ఏం చేయమన్నారు? గుండెల నిండా గాలి పీల్చమన్నారు. అంటే ప్రతి కొలతకూ ముందు, ఆ కొలత చూడబోయే బిగుతును కొంత విప్పేసే పనే చేయించారు. ఆరోగ్యవంతుల్లో ఈ విప్పుడు బాగా పనిచేస్తుంది కాబట్టి వాళ్ల అంకెలు అసలు కంటే మెరుగ్గా కనిపిస్తాయి. ఉబ్బసం బాగా ఉన్నవాళ్లలో పనిచేయదు కాబట్టి వాళ్ల అంకెలు ఉన్నదున్నట్టు వస్తాయి. రెండు గుంపుల్నీ విడదీయడానికి ఈ పరీక్ష ఇంత బాగా పనికిరావడానికి ఒక కారణం ఇదే కావచ్చు. కానీ "ఆరోగ్యవంతుల కండరం మందుకు ఎంత స్పందిస్తుంది" అన్న ప్రశ్నకు ఇది సూటి జవాబు కాదు. కండరం, దాన్ని లాగే ఊపిరితిత్తి, నిండు ఊపిరి, మూడూ కలిసి చెప్పే జవాబు ఇది.

మందు పీల్చే పద్ధతిలోనూ ఇదే చిక్కు దాగి ఉండేది. కాక్‌క్రాఫ్ట్ పద్ధతిలో మామూలు ఊపిరితో రెండు నిమిషాలు పీలుస్తారు. డోసిమీటర్ అనే మరో పద్ధతిలో ప్రతి మోతాదునూ ఐదు నిండు ఊపిర్లతో పీల్చేవారు. స్వల్ప స్పందన ఉన్నవాళ్లకు ఆ ఐదు ఊపిర్లే రక్షణగా మారి, జబ్బు ఉన్నా ఫలితం మామూలుగా వచ్చిన సందర్భాలున్నాయి. యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ 2017లో ఇచ్చిన సాంకేతిక ప్రమాణం అందుకే నిండు ఊపిరితో పీల్చే పద్ధతిని పక్కనపెట్టి, మామూలు ఊపిరి పద్ధతినే సిఫారసు చేసింది.

ఆ 2017 ప్రమాణమే ఇంకో పెద్ద మార్పు తెచ్చింది. గాఢతను వదిలి మోతాదును లెక్కలోకి తీసుకోమంది. కారణం చాలా మామూలుది. 1977 నాటి పద్ధతి కోసం వాడిన పాత రైట్ నెబ్యులైజర్ నిమిషానికి 0.13 మిల్లీలీటరు మాత్రమే బయటికి పంపేది. ఇప్పటి పరికరాలు అంతకంటే చాలా ఎక్కువ పంపుతాయి. సీసా మీద 16 అనే రాసి ఉన్నా ఛాతీలోకి చేరే మందు పరికరాన్ని బట్టి మారిపోతుంది. కాబట్టి ఇప్పుడు పీడీ20 చూస్తారు, అంటే 20 శాతం పడేందుకు పట్టిన మందు ఎన్ని మైక్రోగ్రాములు అని. 400 మైక్రోగ్రాములు దాటితే మామూలు, 100 నుంచి 400 సరిహద్దు, 25 నుంచి 100 స్వల్పం, 6 నుంచి 25 మధ్యస్థం, 6 కంటే తక్కువైతే తీవ్రం. పాత 16, 4, 1 గీతలకు ఇవి స్థూలంగా సరిపోయే అంకెలే.

నిండు ఊపిరి లేకుండా కొలిచే దారులు లేకపోలేదు. బాడీ ప్లెథిస్మోగ్రాఫ్ అనే గాలి చొరని గాజు పెట్టెలో కూర్చోబెట్టి, చిన్న చిన్న ఊపిర్లతోనే శ్వాసనాళాల్లో గాలి ఎంత సులువుగా పారుతోందో కొలుస్తారు. ఈ పద్ధతికి 1956 నాటి డుబోయ్ బృందం కృషి పునాది. మరోదాన్ని ఫోర్స్‌డ్ ఆసిలేషన్ అంటారు. మనిషి మామూలుగా ఊపిరి తీస్తుంటే నోటి దగ్గర నుంచి చిన్న ఒత్తిడి తరంగాలు పంపి అడ్డంకి లెక్కిస్తారు. ఊదే బలంతో పని లేదు. ఈ రెండిటిలోనూ ఆరోగ్యవంతుల్లో చిన్న మార్పు కూడా ముందుగానే కనిపిస్తుంది. కానీ అంకె ఒక కొలతకూ మరో కొలతకూ ఎక్కువగా ఊగుతుంది. అందుకే ప్లెథిస్మోగ్రాఫ్‌తో చూసేటప్పుడు 20 శాతం చాలదు, గాలి పారే సులువు 40 శాతం దాకా తగ్గితేనే లెక్కలోకి తీసుకుంటారు. సున్నితత్వం పెరిగితే గందరగోళమూ పెరుగుతుంది, ఇక్కడ ఏదీ ఉచితంగా రాదు.

మామూలు మనిషి మామూలు రోజు

ఒకే ఆరోగ్యవంతుడి స్పందన కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. 1976లో ఎంపీ, నాడెల్ తదితరులు జలుబు చేసిన మామూలు మనుషులకు హిస్టమిన్ పీల్పించి చూస్తే, అప్పటికి ఉబ్బసం ఊసే లేని వాళ్ల శ్వాసనాళాలు బాగా ముడుచుకున్నాయి. కొన్ని వారాల తర్వాత మామూలు స్థితికి వచ్చాయి. జలుబు తగ్గాక కూడా ఆరు వారాల దాకా ఈ ప్రభావం ఉండొచ్చు కాబట్టి ఆలోగా చేసిన పరీక్షను అనుమానంగానే చూడాలి. ఓజోన్ వాయువును కొద్ది గంటలు పీల్చినా ఇలాగే జరుగుతుందని అదే దశకంలో తేలింది. చల్లటి పొడిగాలిలో ఏళ్ల తరబడి శిక్షణ పొందే స్కీ క్రీడాకారుల్లో, క్లోరిన్ కలిపిన కొలనుల్లో ఈదే ఈతగాళ్లలో ఎక్కువ స్పందన కనబడడం మామూలే. వాళ్లలో కొందరికి ఏ లక్షణాలూ ఉండవు. పరుగుపందెంలో ప్రపంచాన్ని గెలిచే ఊపిరితిత్తులు కూడా ఈ కాగితం మీద "అసాధారణం" అనిపించుకోవచ్చు!

శరీర పరిమాణం సంగతీ ఉంది. ఆడవాళ్లలో సగటున స్పందన ఎక్కువగా కనిపిస్తుంది. వాళ్ల ఊపిరితిత్తులు, శ్వాసనాళాలు సగటున చిన్నవి కావడంతో అదే మోతాదు తక్కువ చోటులో పడుతుంది, పైగా ముందు చెప్పుకున్న నాలుగో ఘాతం లెక్క కూడా తోడవుతుంది. తేడాలో ఎక్కువ భాగం పరిమాణం వల్ల వచ్చేదే, కాబట్టి పరీక్షకు ముందున్న ఎఫ్‌ఈవీ1 ఎంతో చూడకుండా ఇద్దరి పీసీ20లను పోల్చడం న్యాయం కాదు. పొగతాగడం కూడా ఇదే దిక్కుకు నెడుతుంది. మందులైతే ఎదురు దిక్కుకు నెట్టి, ఉన్న స్పందనను దాచేస్తాయి. సాల్బుటమాల్‌ను పరీక్షకు 6 గంటల ముందు నుంచి, ఎక్కువసేపు పనిచేసే పీల్చే మందులను ఒకటిన్నర రోజు ముందు నుంచి ఆపాలి. టయోట్రోపియం అనే పీల్చే మందైతే కనీసం 7 రోజులు. ఆ మందు మెథాకోలిన్ అతుక్కోవాల్సిన గ్రాహకాల మీదే కూర్చుంటుంది మరి. జలుబుకు వేసుకునే యాంటీహిస్టమిన్ మాత్రలు మెథాకోలిన్ పరీక్షకు అడ్డు రావు. ఏ మందైనా డాక్టరుతో మాట్లాడాకే ఆపాలి.

ఇన్ని రకాల మనుషుల అంకెల్ని ఒకే గ్రాఫ్ మీద పెడితే, ఉబ్బసం ఉన్నవాళ్లది ఒక గుట్ట, లేనివాళ్లది ఒక గుట్ట, మధ్యలో ఖాళీ కనిపిస్తుందని ఆశిస్తాం. అలా కనిపించదు. ఒకే గుట్ట ఉంటుంది, దానికి ఒక పక్కన పొడవాటి తోక. ఆ తోకలో ఎక్కడ గీత గీసినా కొందరు ఆరోగ్యవంతులు తప్పు వైపున పడతారు. గీత 8 దగ్గర పెట్టాలా, 16 దగ్గర పెట్టాలా అన్న వాదన తెగకపోవడానికి కారణం అదే.

ఈ ఒక్క గుట్ట వల్ల వచ్చే నష్టాన్ని అంకెల్లో చూడొచ్చు. కేవలం లెక్క కోసం, ఏ లక్షణాలూ లేని 1000 మందికి పరీక్ష చేశామనీ, వాళ్లలో 50 మందికి నిజంగా జబ్బు ఉందనీ అనుకుందాం. జబ్బు ఉన్న పదిమందిలో తొమ్మిదిమందిని పరీక్ష పట్టుకుంటుంది, లేని పదిమందిలో ఒకరిని తప్పుగా పట్టుకుంటుంది అనీ అనుకుందాం. అప్పుడు 45 మంది నిజంగా దొరుకుతారు, మిగిలిన 950 మందిలో 95 మంది అన్యాయంగా దొరుకుతారు. పాజిటివ్ వచ్చిన 140 మందిలో మూడింట రెండు వంతుల మందికి జబ్బే లేదు. అదే పరీక్షను, ఆయాసం, పిల్లికూతలు ఉండి డాక్టరుకు సగం సగం అనుమానం ఉన్న 1000 మందిలో చేస్తే 450 మంది సరిగ్గా, 50 మంది తప్పుగా దొరుకుతారు. పరీక్ష మారలేదు, మనుషుల గుంపు మారింది. అందుకే దీన్ని ఆరోగ్య శిబిరాల్లో అందరికీ చేసే స్క్రీనింగ్‌గా ఎవరూ సలహా ఇవ్వరు. లక్షణాలున్నప్పుడు నెగెటివ్ వస్తే ఉబ్బసం కాదని దాదాపు ధైర్యంగా చెప్పడానికే ఇది ఎక్కువ పనికొస్తుంది.

కండరాన్ని నేరుగా తట్టకుండా, శ్వాసనాళంలోని వాపు కణాల చేత పని చేయించే పరోక్ష పరీక్షలు కూడా ఉన్నాయి. మ్యానిటాల్ పొడి పీల్చడం, కసరత్తు, పొడిగాలిని వేగంగా పీల్చడం అలాంటివి. మ్యానిటాల్‌లో మొత్తం 635 మిల్లీగ్రాముల లోపు ఎఫ్‌ఈవీ1 15 శాతం పడితే పాజిటివ్. ఆరోగ్యవంతుల శ్వాసనాళంలో రెచ్చిపోవడానికి సిద్ధంగా ఉన్న వాపు కణాలు తక్కువ కాబట్టి వీటిలో వాళ్లు దాదాపుగా చలించరు. జబ్బును నిర్ధారించడానికి అది మేలే. మామూలు స్పందన ఎంతో కొలవాలనుకునేవాళ్లకు మాత్రం ఇక్కడ కొలవడానికి ఇంకా తక్కువే మిగులుతుంది.

మెథాకోలిన్ పరీక్ష శిక్షణ ఉన్నవాళ్ల చేతుల్లో సురక్షితమైనదే. కానీ ఎఫ్‌ఈవీ1 మొదటే బాగా తక్కువగా ఉన్నవాళ్లకు, గత మూడు నెలల్లో గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు, బీపీ అదుపులో లేనివాళ్లకు చేయరు.

రిపోర్టు చేతికొచ్చి, అందులో "పీసీ20 16 కంటే ఎక్కువ, నెగెటివ్" అని మాత్రమే ఉంటే దాని పక్కనుండే పట్టిక చూడండి. ఆఖరి మోతాదు దగ్గర ఎఫ్‌ఈవీ1 ఎంత శాతం తగ్గిందో అక్కడ రాసి ఉంటుంది. 3 శాతం దగ్గర ఆగిన నెగెటివ్, 18 శాతం దగ్గర ఆగిన నెగెటివ్ ఒకటి కావు. రెండోది వచ్చి, లక్షణాలూ ఉండి, ఆ పరీక్ష నిండు ఊపిర్లతో మందు పీల్పించి చేసిందైతే, మామూలు ఊపిరి పద్ధతిలో మళ్లీ చేయించాలా అని డాక్టరును అడగడం సబబే.